పైన పటారం, లోన బర్న్ చేసిన డిస్క్: ‘అరుదైన అన్‌కట్ హారర్’ కొనేవాళ్లకు హెచ్చరిక

ప్రింట్ ఆగిపోయిన హారర్ బ్లూ-రేలు, డీవీడీలు, పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది చదివాకే డబ్బు పంపండి. ఒకే తరహా మోసం పదే పదే కనబడుతోంది. ప్రకటనలో ‘అన్‌కట్’ (సెన్సారు కత్తెర పడనిది), ‘ఔటాఫ్ ప్రింట్’, ‘సీల్డ్’ అనే మూడు మాటలు ఉంటాయి. ఫొటోల్లో ముందు అట్ట, వెనక అట్ట, డబ్బా పైన తొడిగే మెరిసే అట్ట తొడుగు, అంటే స్లిప్‌కవర్. డిస్క్ ఫొటో మాత్రం ఉండదు. అడిగితే ‘సీల్ తీస్తే విలువ పోతుంది కదండీ’ అంటారు. తీరా పార్సిల్ విప్పితే కంప్యూటర్‌లో బర్న్ చేసిన డిస్క్, ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసిన అట్ట.

హారర్‌కే ఈ బెడద ఎక్కువ. ఈ సినిమాలను డిస్క్ మీదికి తెచ్చేవి చాలావరకు చిన్న లేబుళ్లు, అంటే డిస్క్‌లు విడుదల చేసే కంపెనీలు. హక్కులు కొన్నేళ్లకే తీసుకుంటాయి, తక్కువ కాపీలు వేస్తాయి, గడువు తీరాక మళ్లీ వేయలేవు. పైగా ఒక్కో దేశం సెన్సారు ఒక్కోచోట కత్తెర వేసింది కాబట్టి ‘పూర్తి నిడివి’ అనే మాటకు హారర్ అభిమానుల్లో ఉన్న మోజు అంతా ఇంతా కాదు. కొరత, మోజు ఒకేచోట దొరికితే మోసగాడికి ఇంకేం కావాలి?

ముందుగా డిస్క్ సంగతి. అడుగు వైపు, మధ్య రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే వలయం ఉంటుంది. దీపం కింద వంచి, భూతద్దంతో చూడండి. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్క్ అయితే అక్కడ ఆ విడుదలకు చెందిన మ్యాట్రిక్స్ నంబరు ఉంటుంది, చాలాసార్లు చిన్న బార్‌కోడ్ కూడా. పక్కనే ‘ఐఎఫ్‌పీఐ’ (IFPI, అంతర్జాతీయ రికార్డింగ్ పరిశ్రమ సంఘం) అక్షరాలతో కోడ్‌లు కనబడతాయి. ‘ఎల్’తో మొదలయ్యేది మాస్టరింగ్ ఎక్కడ జరిగిందో, ప్లాస్టిక్‌లోనే పొదిగినట్టుండేది డిస్క్ ఏ అచ్చులో పోశారో చెబుతుంది. ఈ కోడ్‌ల పద్ధతి 1994లో మొదలైంది కాబట్టి అంతకుముందు డిస్క్‌లకు ఇవి ఉండవు. ఒక మెలిక: ఖాళీగా అమ్మే రికార్డబుల్ డిస్క్‌ల మీద కూడా అచ్చు కోడ్ ఉండొచ్చు. అందుకే ‘ఐఎఫ్‌పీఐ ఉంది, అసలుదే’ అనే వాదన చెల్లదు. ఆ సినిమాకు, ఆ లేబుల్‌కు చెందిన నంబరు ఉందా లేదా అన్నదే లెక్క. అదే విడుదల ఇంకొకరి దగ్గర ఉంటే రెండు నంబర్లూ పోల్చుకోవడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

రంగు కూడా కొంత చెబుతుంది. అచ్చుపోసిన బ్లూ-రే అడుగు వైపు మామూలుగా వెండి ఛాయలో ఉంటుంది. బర్న్ చేసినది ముదురు గోధుమ, రాగి లేదా బాగా నల్లబడిన బూడిద రంగులో కనబడుతుంది. డీవీడీ-ఆర్ (ఖాళీగా కొని రాసుకునే డీవీడీ) అయితే ఊదా ఛాయ కొడుతుంది. డేటా రాసిన మేర ఒక రంగు, రాయని మేర మరో రంగు ఉండి మధ్యలో గీత స్పష్టంగా తెలిస్తే అనుమానం బలపడుతుంది. పై వైపు బొమ్మ మూల మీద తడి వేలు ఆనించండి. ఇంక్‌జెట్ ముద్రణ అయితే రంగు వేలికి అంటుకునే అవకాశం ఎక్కువ.

ఇక్కడ అమ్మకందారు ఒక పాచిక వేస్తాడు: ‘ఇది కంపెనీయే ఆర్డర్ మీద బర్న్ చేసి ఇచ్చింది’. అలాంటి అధికారిక డిస్క్‌లు నిజంగానే ఉన్నాయి. వార్నర్ బ్రదర్స్ పాత సినిమాల లేబుల్ వార్నర్ ఆర్కైవ్ 2009లో మొదలైనప్పుడు డీవీడీ-ఆర్‌లే అమ్మింది. కానీ ఏ సినిమా అలా వచ్చిందో ఆ లేబుల్ కేటలాగ్‌లో తెలుస్తుంది. అందరికీ అచ్చుపోసి అమ్మిన బ్లూ-రేకు ఈ సాకు పనికిరాదు.

కంప్యూటర్‌కు బ్లూ-రే డ్రైవ్ ఉంటే పని ఇంకా తేలిక. ఇమ్‌జ్‌బర్న్ (ImgBurn) అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ వివరాలు తెరిస్తే ‘బీడీ-రోమ్’ (BD-ROM, అచ్చుపోసినది) అనో ‘బీడీ-ఆర్’ (BD-R, బర్న్ చేసినది) అనో చూపిస్తుంది. డీవీడీల విషయంలో దీన్నే నమ్ముకోకండి. రాసుకునే డిస్క్‌ల్లో మరో రకమైన డీవీడీ ప్లస్ ఆర్‌ను బుక్ టైప్ (డిస్క్ తన రకమేమిటో చెప్పే గుర్తు) మార్చి, అచ్చుపోసిన డీవీడీ-రోమ్‌లా (DVD-ROM) కనబడేట్టు రాయొచ్చు. తర్వాత బీడీఇన్ఫో (BDInfo) అనే మరో సాఫ్ట్‌వేర్‌తో బ్లూ-రే నిడివి, బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా వాడారన్నది), ఆడియో చూడండి. అసలు విడుదల రెండు పొరల 50 జీబీ డిస్క్ అయి, మీ చేతిలోది 25 జీబీలోపు ఉంటే సినిమాను నొక్కి కుదించారో, ఎక్స్‌ట్రాలు తీసేశారో అన్నమాట. అట్ట మీద నాణ్యత తగ్గని డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అని ఉండి లోపల కుదించిన మామూలు డాల్బీ డిజిటల్ మాత్రమే ఉన్నా అనుమానించాల్సిందే. కుదింపు దెబ్బ ముందు చీకటి సీన్ల మీదే పడుతుంది. నేలమాళిగలో నీడలు గళ్లుగళ్లుగా విడిపోతాయి, పొగమంచు మెట్లుమెట్లుగా కనబడుతుంది, ఫిల్మ్ గ్రెయిన్ మైనంలా కరిగిపోతుంది. హారర్‌లో సగం బతుకు చీకటిలోనే కదా, ఇక మిగిలేదేముంది?

అయితే మధ్యలో కొన్ని షాట్లు హఠాత్తుగా మసకబారితే అది నకిలీకి రుజువు కాదు. అసలు నెగటివ్‌లో లేని ముక్కలను పాత ప్రింట్ నుంచో టేప్ నుంచో తెచ్చి అతికించిన అధికారిక విడుదలలూ ఉన్నాయి.

నిడివి దగ్గర బోల్తా పడేవాళ్లు ఇంకా ఎక్కువ. యూరప్, భారత్ లాంటి చోట్ల వాడిన ‘పాల్’ (PAL) టీవీ పద్ధతి డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు. దాంతో నిడివి 4 శాతం తగ్గుతుంది: 100 నిమిషాల సినిమా 96 నిమిషాలకే అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. ఒక్క షాట్ కూడా పోలేదు. ఇదే లెక్కను తిరగేసి ‘పాత డీవీడీ 93 నిమిషాలే, మా ఎక్స్‌టెండెడ్ 97 నిమిషాలు’ అని అమ్ముతున్నారు. 97ను 24తో హెచ్చించి 25తో భాగిస్తే వచ్చేది 93. రెండూ ఒకే సినిమా.

‘ఎంత పొడవైతే అంత అసలు’ అన్నది మరో భ్రమ. 1978 నాటి ‘డాన్ ఆఫ్ ది డెడ్’కు అమెరికా థియేటర్ వెర్షన్ 127 నిమిషాలు, కేన్స్ చిత్రోత్సవం కోసం కూర్చినది సుమారు 139. దర్శకుడు రొమేరోకు నచ్చింది 127 నిమిషాలదే. 139ని ‘డైరెక్టర్స్ కట్’ అని పెద్ద ధర చెబితే నవ్వి ఊరుకోండి. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ది ఇంకో కథ. సినిమా పేరు మార్చినప్పుడు ప్రింట్‌లోంచి కాపీరైట్ ప్రకటన ఎగిరిపోవడంతో అది పబ్లిక్ డొమైన్‌లో పడింది. ఎవరైనా చట్టబద్ధంగానే వేసుకోవచ్చు కాబట్టి గీతలు పడ్డ ప్రింట్ల నుంచి తీసిన డిస్క్‌లు కోకొల్లలు. 30వ వార్షికోత్సవం పేరుతో 1999లో వచ్చిన వెర్షన్‌లో చాలా ఏళ్ల తర్వాత తీసిన కొత్త సీన్లు, కొత్త సంగీతం కలిపారు. ‘అరుదైన ఎక్స్‌టెండెడ్’ అని అంటగడుతున్నది ఇదేనా అని ముందే అడగండి.

రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే తాళం) గురించి ఒక్క మాట: బ్లూ-రేకు ఏ, బీ, సీ రీజియన్లు ఉంటాయి, 4కే డిస్క్‌లకు రీజియన్ తాళం ఉండదు. కానీ 4కే సెట్‌లో కలిపి ఇచ్చే మామూలు బ్లూ-రేకు ఉండొచ్చు. ప్లే కాని డిస్క్ నకిలీయే అనుకుని గొడవకు దిగే ముందు ఇది చూసుకోండి.

సీల్‌ను నమ్మకండి. ఫ్యాక్టరీ చుట్టులో సాధారణంగా పై అంచు, కింది అంచు కవరు మడతల్లా నీటుగా మడిచి అతికించి ఉంటాయి. మళ్లీ చుట్టినదానికి వేడిగాలితో బిగించిన సంచిలా పక్కన గీత, అక్కడక్కడ గాలి పోయే సన్నటి రంధ్రాలు కనబడతాయి. పెద్ద బాక్స్ సెట్లకు ఫ్యాక్టరీలోనే ఇలా చుట్టేవాళ్లున్నారు కాబట్టి ఇది అనుమానానికే ఆధారం, తీర్పుకు కాదు. స్లిప్‌కవర్‌ను పది రెట్ల భూతద్దంతో చూడండి. ఆఫ్‌సెట్ ముద్రణలో చుక్కలు చిన్న చిన్న పూలలా వరుసగా పేర్చినట్టుంటాయి, ఇంక్‌జెట్‌లో చల్లినట్టు చెదిరి ఉంటాయి.

వీహెచ్‌ఎస్‌లో అసలు బేరమంతా బ్రిటన్‌లో వీడియోలకు సెన్సారు సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన 1984 చట్టానికి ముందు వచ్చిన ‘ప్రీ-సర్ట్’ క్యాసెట్ల చుట్టూ తిరుగుతుంది. అశ్లీలమని కేసులు పెట్టేందుకు అక్కడి ప్రాసిక్యూటర్ల జాబితాకెక్కిన 72 ‘వీడియో నాస్టీ’ల పేర్లు కనబడితే ధర అమాంతం లేస్తుంది, నకిలీలూ అక్కడే పుడతాయి. రికార్డింగ్ కంపెనీలు సినిమా నిడివికి సరిపడా టేపునే నింపేవి. 90 నిమిషాల సినిమా అయిపోయాక కూడా చుట్టలో గంటకు పైగా టేపు మిగిలితే, మామూలు ఖాళీ క్యాసెట్ మీద కాపీ చేశారేమో అని అనుమానించాలి. కిటికీలోంచి చుట్ట అంచు మీద తెల్లటి పొడిలా కనబడితే అది బూజు. దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. హెడ్‌లకు అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకే ప్రమాదం ఉంది. విడిగా కవర్లో కట్టి ఉంచి, వెంటనే వాపసు అడగండి.

డబ్బు పంపే ముందు నాలుగు ఫొటోలు అడగండి: డిస్క్ లోపలి వలయం దగ్గరగా, డిస్క్ అడుగు వైపు మొత్తం, అట్ట వెన్ను, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి మొత్తం సెట్. సీల్ ఉందని ఫొటోలు ఇవ్వకపోతే, ‘బర్న్ చేసిన డిస్క్ అయితే పూర్తి వాపసు’ అని మెసేజ్‌లోనే రాయించుకోండి. పేపాల్ లాంటి సేవల్లో ‘స్నేహితులకు పంపే’ పద్ధతిలో డబ్బు పంపమంటే బేరం అక్కడితో వదిలేయండి, ఆ పద్ధతిలో కొనుగోలుదారుకు రక్షణ ఉండదు.

పార్సిల్ తెరిచేటప్పుడు చిరునామా చీటీ దగ్గర నుంచి లోపలి వలయం దాకా ఒకే వీడియోగా తీయండి. మధ్యలో ఆపితే వివాదంలో దానికి విలువ తగ్గుతుంది. వాపసు గడువు ముగియకముందే సినిమాను చివరిదాకా, ఎక్స్‌ట్రాలతో సహా ప్లే చేసి చూడండి. డబ్బు తిరిగొచ్చి, డిస్క్ వెనక్కి పంపనక్కర్లేదన్నా దాన్ని అరలో అసలు వాటి మధ్య పెట్టకండి. లేబుల్ వైపు చెరగని మార్కర్‌తో ‘కాపీ’ అని రాసి పెట్టండి, రేపు మీ సేకరణ ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు అదే డిస్క్ మళ్లీ ‘అరుదైన అన్‌కట్’గా బయల్దేరకుండా.