రోజుకు పదమూడు భంగిమలు

నటుడి ముఖంలో ఏ భావమూ పలకకపోతే ‘చెక్కబొమ్మలా ఉన్నాడు’ అని తేలిగ్గా అనేస్తారు. నలభై ఏళ్లుగా ఉలి పట్టుకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చెక్కబొమ్మ కదలదు, నిజమే. కానీ ఇప్పుడో ఇంకో క్షణానికో కదులుతుందన్నట్టు ఉండాలి. అలా లేకపోతే కొండ దిగి వచ్చిన యాత్రికుడు దాన్ని చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, ధర కూడా అడగకుండా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోతాడు. అలాంటి నేనే మొన్న ఒక సినిమా చూస్తూ అందులో హీరోను ఆ మాట అన్నాను. మా అల్లుడు పడీపడీ నవ్వాడు.

ఆ సినిమా ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’. 1963లో వచ్చింది. అల్లుడు హైదరాబాదులో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే చోట పని చేస్తాడు. దీపావళికి తిరుపతి వచ్చాడు. టపాసులు నానిపోయేంత వాన. ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేక, “మామయ్యా, మీలాంటి పనివాడు చేసిన సినిమా ఒకటుంది, చూద్దాం రండి” అని టీవీ పెట్టాడు. దర్శకుడి పేరు డాన్ చాఫీ. కానీ ఆ సినిమాను ఆయన పేరుతో తలచుకునేవాళ్లు తక్కువట. అందులో బొమ్మల్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫోటో తీసి, తెర మీద కదిలేలా చేసిన రే హ్యారీహౌసెన్ పేరుతోనే చెప్పుకుంటారట. గుళ్ల మీది శాసనాల్లో కట్టించిన రాజు పేరు వెతికితే దొరుకుతుంది, చెక్కినవాడి పేరు కోసం కళ్లు కాయలు కాయాలి. ఇక్కడ అది తిరగబడినందుకు, సినిమా మొదలుకాక ముందే నాకు సగం నచ్చేసింది.

కథ గ్రీకు పురాణం. జేసన్ తండ్రి రాజ్యాన్ని పీలియాస్ అనేవాడు కాజేస్తాడు. పెరిగి పెద్దవాడైన జేసన్ ప్రపంచం కొసన ఉన్న కోల్చిస్ దేశం నుంచి బంగారు గొర్రెచర్మం తేవడానికి ‘ఆర్గో’ అనే ఓడలో వీరులను వెంటబెట్టుకుని బయలుదేరతాడు. పైన దేవతలు వీళ్లను పావులుగా పెట్టుకుని ఆడుకుంటూ ఉంటారు. హీరా దేవి ఐదుసార్లు మాత్రమే సాయం చేయగలదు. ఏడు సముద్రాలు దాటి మర్రిచెట్టు తొర్రలో చిలుకను పట్టుకొచ్చే మన రాకుమారుడికి ఇతను అన్నదమ్ముల వరస. అందుకే ఇంగ్లీషు మాటలు సగం అర్థం కాకపోయినా కథలో ఎక్కడా దారి తప్పలేదు.

అసలు సంగతి కంచు ద్వీపంలో ఉంది. తిండి, నీళ్లు తప్ప అక్కడ ఇంకేమీ ముట్టుకోవద్దని హీరా ముందే చెబుతుంది. వీరుల్లో ఒకడైన హెర్క్యులిస్ వింటాడా? నిధి గదిలో ఒక పెద్ద బంగారు సూదిని ఈటెలా పనికొస్తుందని పట్టుకొస్తాడు. బయట పీఠం మీద టాలోస్ అనే మహా విగ్రహం మోకాలి మీద కూర్చుని ఉంటుంది. కిర్రుమని చప్పుడు. ఆ తల మెల్లగా తిరిగి కిందికి చూస్తుంది. మేము బొమ్మంతా పూర్తయ్యాక కన్ను చివర్లో తెరుస్తాం. కన్ను తెరిచేదాకా అది చెక్క, తెరిచాక అది దేవుడు. ఈ టాలోస్‌కు చూపు నిలిపిన కళ్లే లేవు. ఆ తల తిరిగిన తీరులోనే చూపు ఉంది. నేను లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మా అమ్మాయి వెనుక నుంచి అరిచింది, “నాన్నా, అడ్డం తప్పుకోండి” అని.

దాని నడక బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఇది చేతకానితనం కాదని అల్లుడు చెప్పాడు. మిగతా జంతువుల కదలిక నునుపుగా రావాలని తంటాలు పడిన మనిషి, ఇది కంచు కాబట్టి కావాలనే బిర్రుగా నడిపించాడట. చూస్తే తెలుస్తూనే ఉంది. అడుగు నేలను తాకాక ఒక లిప్తపాటు ఆగుతుంది, బరువు అప్పుడు దిగుతుంది. పైకెత్తిన చేయి కూడా అంతే. నిజానికి ఆ బొమ్మ నా బల్ల మీద పట్టేంత చిన్నది.

అది రేవు ముఖద్వారంలో రెండు కాళ్లూ చాచి నిలబడి ఓడను ఎత్తి ఊపుతుండగా కరెంటు పోయింది. ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చున్నాం. “ఓడ ఏమైంది తాతా?” అని మా మనవడు నన్నే అడుగుతాడు, నేనేదో చూసినట్టు.

కరెంటు వచ్చాక చూసిన ముక్క నన్ను ఇప్పటికీ వదలడం లేదు. జేసన్ దాని మడమలో ఉన్న బిరడా తిప్పి తీస్తాడు. లోపలి ద్రవమంతా పొగలు కక్కుతూ కారిపోతుంది. అప్పుడు టాలోస్ చేయి తన గొంతు దగ్గరికి వెళుతుంది. లోపల ఊపిరి లేదు, నెత్తురు లేదు, అయినా ఊపిరాడని మనిషిలా గొంతు పట్టుకుంటుంది. ఆ తర్వాత ఒంటి నిండా బీటలు. బీట అంటే మాకు ఎంత భయమో మీకు తెలియదు. నెల రోజులు చెక్కిన టేకు విగ్రహంలో ఒక ఎండాకాలపు మధ్యాహ్నం టప్‌మని చప్పుడు వస్తుంది, అంతే, భుజం నుంచి నడుము దాకా గీత. ఆ కంచు రాక్షసుడి మీద బీటలు పాకుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. వాడు చచ్చిపోవాలని కోరుకోవాల్సినవాణ్ణి, వాడి వైపు నిలబడ్డాను.

మధ్యలో కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. గుడ్డి ఫీనియస్ నోటికాడి కూడు లాక్కునే రెక్కల పిశాచాలు బాగున్నాయి. ఆ ముక్క తీసిన శిథిల దేవాలయం ఇటలీలోని పేస్టమ్‌లో నిజంగా ఉన్నదే. కొండలు ఢీకొనే చోట వచ్చే సముద్ర దేవుడు మాత్రం చేపతోక తొడుక్కున్న మనిషి. బొమ్మల మధ్య మనిషి తేలిపోయాడు. హీరోగా వేసిన టాడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అందగాడే గాని గొంతు కూడా ఆయనది కాదట, వేరే ఒకరు చెప్పారట. ముఖం ఎలాగూ పలకలేదు. నేనన్న మాట వెనక్కి తీసుకోను.

ఇక హైడ్రా. బంగారు గొర్రెచర్మానికి కాపలా ఉన్న ఏడు తలల పాము. తెర మీదికి రాగానే మనవడు “పెద్దశేషుడు!” అన్నాడు. బ్రహ్మోత్సవాల మొదటి రోజు రాత్రి పెద్దశేష వాహనం మాడవీధుల్లో ఊరేగడం నా భుజాలెక్కి చూసినవాడు. ఏడు పడగలంటే వాడికి స్వామి వెనుక నీడ పట్టేవాడే. జేసన్ కత్తి దించేసరికి, “ఆయన్ను ఎందుకు పొడుస్తున్నాడు తాతా?” అని ఏడుపు ముఖం పెట్టాడు. గ్రీకుల పురాణం వేరు నాయనా అని ఏదో సర్దిచెప్పాను, వాడు ఒప్పుకోలేదు. పనివాడిగా నేను చూసింది ఇంకొకటి. నేను చెక్కే శేషుడి పడగలన్నీ ఒకే వైపు చూస్తాయి. నడుమ ఉన్నది కాస్త పెద్దది, అటూ ఇటూ మూడేసి. దీనికి ఏడు తలలకూ ఏడు బుద్ధులు. ఒకటి ముందుకు వస్తుంటే ఒకటి వెనక్కి తగ్గుతుంది, ఒకటి పక్కకు వంగుతుంది. ఏ తల ఎటు పోతోందో గుర్తుపెట్టుకుంటూ ప్రతి ఫ్రేముకూ, అంటే ఒక్కో ఫోటోకూ, ఒక వెంట్రుకవాసి జరపాలి. ఫోను మోగితే మరిచిపోతాం.

ఆ హైడ్రా పళ్లు నేల మీద చల్లితే అస్థిపంజరాలు మొలుస్తాయి. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్లకు అస్థిపంజరాలు కొత్త కాదు. వాటిని చూసి నవ్వుకున్నాం, భయపడ్డాం కూడా. వీటిని చూసి నవ్వు రాలేదు. మట్టిలోంచి లేచి, డాళ్లు ముందుకు పెట్టి, తొందరేమీ లేదన్నట్టు ఒక్కో అడుగు వేస్తాయి. ఒక్కసారిగా అరుచుకుంటూ మీద పడతాయి. ఏడు అస్థిపంజరాలు, ముగ్గురు మనుషులు, మూడు నాలుగు నిమిషాల యుద్ధం. దానికి నాలుగున్నర నెలలు పట్టింది. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు కావాలి. రోజంతా కష్టపడితే సగటున పదమూడు అయ్యేవట. తల, రెండు చేతులు, రెండు కాళ్ల లెక్కన ఏడింటికి ముప్పై ఐదు కదలికలు ఒక్క ఫ్రేముకే. మనుషులు ముందే గాలిలో కత్తులు తిప్పుతూ నటించేశారు. ఆ దృశ్యాన్ని వెనుక తెర మీద వేసుకుని, అడుగెత్తు కూడా లేని ఈ బొమ్మల కత్తుల్ని ఆ కత్తులకు తగిలించాలి. బెర్నార్డ్ హెర్మన్ సంగీతంలో వయొలిన్లు లేవు. ఊదేవీ, కొట్టేవీ ఎక్కువ. ఎముకలకు అదే తగిన వాద్యం.

“మేము తప్పు చేస్తే వెనక్కి వెళ్లి దిద్దుకుంటాం మామయ్యా, ఆయనకు ఆ వీలు లేదు” అన్నాడు అల్లుడు. నాకూ ఆ వీలు లేదు గాని, ఉలి జారితే ముక్కు కాస్త చిన్నది చేసి సర్దుకుంటాను. అంతకన్నా నన్ను తొలిచేది వేరే. నేను వేపచెక్కలో ఒక వినాయకుణ్ణి పదిహేను రోజులు చెక్కి, ఒకే ఒక్క భంగిమ దగ్గర ఆగుతాను. అది నూరేళ్లు నిలుస్తుంది. ఆయన రోజుకు పదమూడు భంగిమలు పెట్టి, ఫోటో తీయగానే తనే చెరిపేశాడు. 1933లో పదమూడేళ్ల వయసులో ‘కింగ్ కాంగ్’ చూసి ఈ పిచ్చి పట్టించుకున్నాడట. లోపలి లోహపు కీళ్లు ఆయన గీసిస్తే వాళ్ల నాన్న చేసిచ్చేవాడు, తొలినాళ్లలో బొమ్మలకు బట్టలు అమ్మ కుట్టేది. చెక్కబొమ్మలు చేసే మా ఊరు మాధవమాలలో మా ఇల్లు కూడా అలాంటిదే. నాన్న బాడిసె పట్టేవాడు, అమ్మ గరుకు కాగితంతో నునుపు చేసేది.

లోపాలు చెప్పకపోతే అన్యాయం. యుద్ధం అయిపోగానే సినిమా అయిపోతుంది. పీలియాస్ ఏమయ్యాడు? సింహాసనం ఎవరిది? అడిగే దిక్కు లేదు. నూట నాలుగు నిమిషాలు కూర్చోబెట్టి పెళ్లి భోజనంలో పెరుగన్నం పెట్టకుండా ఆకు మడిపించినట్టు ఉంది. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను, ఆ నాలుగూ బొమ్మలకే. ఫోనులో చూడకండి, టాలోస్ చీమలా ఉంటాడు. మరీ చిన్నపిల్లలకు చివరి పోరాటం రాత్రిపూట చూపించకండి.

మర్నాడు వాన తగ్గలేదు. అల్లుడు నా పాత కీలుబొమ్మ ఒకటి వెతికి తెచ్చి, ఫోనును పుస్తకాల దొంతర మీద నిలబెట్టాడు. నేను చేయి కాస్త జరపడం, తను ఫోటో తీయడం. సెకనుకు పన్నెండు చాలన్నాడు. గంటసేపటికి ముప్పై ఒక్క ఫోటోలు, రెండున్నర సెకన్లు. బొమ్మ చేయెత్తి తల గోక్కుంది, అంతే. ఒక చోట నా బొటనవేలి నీడ పడింది. మనవడు దాన్ని ఇరవైసార్లు చూశాడు, ఆ నీడ వచ్చినప్పుడల్లా “తాత!” అని అరిచాడు.