శాంతి దళానికి పొడిగింపు: ఆరు నెలలా, ఏడాదా, గడువే లేకుండానా?

తిరుపతిలో గ్రూప్-1 అభ్యర్థులకు అంతర్జాతీయ సంబంధాలు బోధించే నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న ఇది: కాల్పుల విరమణ రేఖ వెంబడి నిలిచిన ఐక్యరాజ్యసమితి దళాన్ని ఎంతకాలానికోసారి పొడిగించడం మేలు?

గడువు లేకుంటేనే స్థిరత్వమని చాలామంది అభిప్రాయం. 1956లో ఈజిప్టుకు వెళ్లిన అత్యవసర దళానికి నిర్ణీత గడువు లేదు. అందులో మన సైనికులూ ఉన్నారు. అయినా 1967 మే నెలలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ వెళ్లిపొమ్మనగానే ఉపసంహరణ మొదలైంది, జూన్ 5న ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చింది. పోనీ, గడువు రాసుకుంటే రక్షణ ఉందా అంటే అదీ లేదు. ఇథియోపియా, ఎరిత్రియాల మధ్య ఉన్న దళాన్ని భద్రతా మండలి పొడిగిస్తూనే వచ్చింది; ఎరిత్రియా ఇంధనం అందకుండా చేయడంతో 2008 జులై 31తో అది ముగిసిపోయింది. ఇంటి యజమాని నీళ్ల మోటారు ఆపేసిన తర్వాత అద్దె ఒప్పందంలో ఇంకా ఎన్ని నెలలున్నాయో లెక్కపెట్టుకుని ప్రయోజనమేమిటి?

అందుచేత నేను చూసేది గడువు పొడవును కాదు, రేఖకు ఇరువైపులా ఉన్నవారి సమ్మతిని. అది ఎక్కడ సడలుతున్నదో ముందుగా బయటపెట్టే పద్ధతే మెరుగైనది. ఆ లెక్కన నా మొగ్గు ఆరు నెలల వైపే. సిరియా, ఇజ్రాయెల్ సేనల మధ్య గోలన్ కొండల్లో నిలిచేందుకు 1974 మే 31న ఏర్పడిన దళానికి ఏటా జూన్, డిసెంబరు నెలాఖర్లలో గడువు తీరుతుంది, ప్రతిసారీ ప్రధాన కార్యదర్శి నివేదిక మండలి ముందుకు వస్తుంది. 2024 డిసెంబరులో సిరియాలో అసద్ ప్రభుత్వం కూలి, ఇరుపక్షాల సేనలు ఉండరాని ప్రాంతంలోకి ఇజ్రాయెల్ సైన్యం ప్రవేశించిన నెలలోనే పొడిగింపు తీర్మానమూ రావలసి ఉండడం వల్ల, ఆ పరిణామాన్ని వెంటనే పరిశీలించే అవకాశం మండలికి దొరికింది.

అన్నిచోట్లా ఇదే పద్ధతి లేదు. కశ్మీర్‌లో 1949 నుంచి ఉన్నది సైనిక పరిశీలకుల చిన్న బృందం; దానికి ఇలాంటి పొడిగింపుల అవసరమే లేదు. లెబనాన్ దళానికి ఏటా ఆగస్టులో సాగుతూ వచ్చిన పొడిగింపుకు 2025లో మండలి చివరి తేదీ పెట్టింది: 2026 డిసెంబరు 31.

ఆరు నెలల పద్ధతి మొక్కుబడిగా మారుతుందన్న విమర్శకు సైప్రస్ సాక్ష్యం. గ్రీకు, తుర్కు సిప్రియట్ల మధ్య నిలిచేందుకు 1964లో మూడు నెలలకని వెళ్లిన దళం ఇంకా అక్కడే ఉంది. దానికి సారథ్యం వహిస్తూ మన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఆ ద్వీపంలోనే కన్నుమూశారు. దశాబ్దాలపాటు ఆరు నెలలకోసారి సాగిన పొడిగింపు 2023లో ఏడాదికి మారింది. రేఖ అంత నిశ్చలంగా ఉన్నచోట ఏడాది గడువును నేనూ తప్పుపట్టను. గోలన్‌కు మాత్రం అది చాలా ఎక్కువ.