వైజాగ్ బైకు ఉన్నవాళ్ళకి హెచ్చరిక: "ఫుల్ సింథటిక్" పేరుతో కారు ఆయిల్ అంటగడుతున్నారు

స్ప్లెండర్, షైన్, పల్సర్ 150, యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే) ఇంజిన్ బుల్లెట్ లాంటి ఎయిర్ కూల్డ్ బళ్ళున్నవాళ్ళు ఈసారి ఆయిల్ మార్పించే ముందు ఇది చదవండి. మినరల్‌కి రెట్టింపు ధర తీసుకుని, "ఫుల్ సింథటిక్, దీన్ని మించింది లేదు" అని ఒక కొట్లో ఇచ్చిన డబ్బా తీరా చూస్తే 5డబ్ల్యూ-30 (ఇది ఆయిల్ చిక్కదనం చెప్పే గ్రేడు) కారు ఆయిల్. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేసరికి క్లచ్ జారింది.

కారు క్లచ్ సాధారణంగా ఇంజిన్ ఆయిల్ తగలని చోట ఉంటుంది. మన బళ్ళలో పిస్టన్‌కీ గేర్లకీ క్లచ్ ప్లేట్లకీ ఒకటే ఆయిల్. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి కారు ఆయిళ్ళలో మైలేజీ కోసం రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ప్లేట్లు పట్టుకునేదే రాపిడి మీద, అది పోతే జారక ఏం చేస్తాయి? డబ్బా వెనక గుండ్రటి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ముద్రలో, కింది భాగాన "రిసోర్స్ కన్సర్వింగ్" అని ఉంటే గేర్ల బండికి అసలు కొనకండి.

మీరు వెతకాల్సింది జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. స్కూటర్ ఆయిలూ 10డబ్ల్యూ-30, స్ప్లెండర్ ఆయిలూ 10డబ్ల్యూ-30. డబ్బాలు ఒకేలా ఉంటాయి, తేడా ఆ ఒక్క అక్షరమే. మెకానిక్ మూత తీయకముందే డబ్బా చేతిలోకి తీసుకుని చదవండి.

ఇక సింథటిక్ కావాలా, మినరల్ చాలా? గాజువాక నుంచి జగదాంబ దాకా ఆఫీసుకి వెళ్ళొచ్చే 100 సీసీ, 125 సీసీ బండికి సరైన గ్రేడు మినరల్ ఆయిల్ సమయానికి మారిస్తే చాలు. సింథటిక్ పనికొచ్చేది ఇంజిన్ బాగా కాగే చోట. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఇంజిన్‌ని చల్లబరిచే ఫిన్లకి (ఇంజిన్ మీది రెక్కలకి) గాలి సరిగ్గా తగలదు. ఇద్దరెక్కి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్తే రెండో గేరు, మూడో గేరులోనే చాలా దూరం లాగాలి. అలాంటప్పుడు మినరల్ ఆయిల్ త్వరగా ఆక్సీకరణ చెంది పాడవుతుంది, సింథటిక్ ఇంకా కొంత నిలబడుతుంది. ఏది పోసినా గ్రేడు మాత్రం మాన్యువల్‌లోదే ఉండాలి. షైన్‌కి 10డబ్ల్యూ-30, పల్సర్ 150కి 20డబ్ల్యూ-50, యూసీఈ బుల్లెట్‌కి 15డబ్ల్యూ-50. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో స్టార్టింగ్‌కి సంబంధించింది. మన ఊళ్ళో అంత చలి ఎప్పుడూ పడదు కాబట్టి "0డబ్ల్యూ, చాలా అడ్వాన్స్‌డ్" అనే మాటకి డబ్బు పెట్టకండి.

"సింథటిక్ కాబట్టి రెట్టింపు కిలోమీటర్లు నడపొచ్చు" అన్నా నమ్మొద్దు. చిన్న బళ్ళలో పట్టేదే లీటరు లోపు ఆయిల్. పిస్టన్ పక్కనుంచి దిగే పెట్రోలు, మసి అందులోనే కలుస్తాయి. గేర్లు నలిపేకొద్దీ ఆయిల్ పల్చబడుతుంది. మాన్యువల్ చెప్పిన దూరానికే మార్చండి.

ఇప్పటికే కారు ఆయిల్ పోసేసి ఉంటే ముందు క్లచ్ లివర్ ఫ్రీ ప్లే (క్లచ్ పట్టేలోపు లివర్ వదులుగా కదిలే దూరం) చూడండి. చాలా బళ్ళకి లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అది సరిగ్గానే ఉండి, టాప్ గేరులో 40 వేగంలో ఒక్కసారి రేజ్ ఇస్తే ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నట్టే. వేడి మీద మొత్తం ఆయిల్ దించి, ఎంఏ2 మినరల్ పోసి, కొన్ని పదుల కిలోమీటర్లు తిప్పి మళ్ళీ దించి కొత్తది పోయించండి. పేపర్ ఫిల్టర్ ఉన్న బండైతే అదీ మార్చాలి. డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వేయమనండి. ఇంకా జారుతుంటే క్లచ్ విప్పి, పట్టు ఇచ్చే ఫ్రిక్షన్ ప్లేట్లు మార్చక తప్పదు. స్టీలు ప్లేట్లు నీలంగా మారినా వంకరపోయినా అవీ మార్చాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని బిగించే ముందు ఆయిల్‌లో నానబెట్టాలి. కొందరు మెకానిక్‌లు తొందరలో ఇది వదిలేస్తారు, దగ్గరుండి చేయించుకోండి.

లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం పోయించకండి. ఎక్కువైతే నురగ కట్టి, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది. స్ప్లెండర్‌లాంటి బళ్ళకి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపిన రెండు మూడు నిమిషాలకి, డిప్‌స్టిక్ మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి.

లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు. మూత కింద రేకు సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడండి. ఖాళీ డబ్బా మెకానిక్ దగ్గర వదలకుండా కత్తితో కోసేయండి, అలాంటి డబ్బాల్లోకే నకిలీది నింపుతారు. బిల్లులో బ్రాండు, గ్రేడు, ఎంఏ2, బ్యాచ్ నంబరు రాయించండి. మోసం జరిగితే ఆ బిల్లు, డబ్బా ఫోటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు వేయొచ్చు.