ఎడారి దారిలో నీళ్ల లెక్క: అమ్మానాన్నలతో తొమ్మిది రోజుల ఆర్వీ ప్రయాణం

మేము దక్షిణ కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉంటాము. చెల్లెలి కుటుంబం అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉంటుంది. అనంతపురం నుంచి చలికాలానికి మా దగ్గరకు వచ్చిన అమ్మానాన్నలను ఫిబ్రవరి రెండో వారంలో అక్కడికి తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు, ఆరు గంటల్లో కారులో చేరిపోయే దూరమే అయినా, ఆర్వీ, అంటే లోపల ఇల్లులా అమర్చిన బండి, అద్దెకు తీసుకుని దారిలోని ఎడారిని చూస్తూ నిదానంగా వెళ్లాలని నిర్ణయించుకున్నాము. నాన్నగారికి డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది, పైగా చక్కెర వ్యాధి ఉన్నందువల్ల భోజనం వేళ తప్పకూడదు, దారిలో తరచుగా ఆగవలసి ఉంటుంది. అమ్మ బయట వండినది తినదు. వంటగది, మరుగుదొడ్డి, పడక మూడూ వెంట వచ్చే బండి ఇలాంటి పెద్దవారికి ఎంతవరకు పనికివస్తుందో అనుభవం మీద తెలిసింది గనుక, మాలాగే ఆలోచిస్తున్నవారి కోసం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మేము తీసుకున్నది ఇరవై ఐదు అడుగుల బండి. కాలిఫోర్నియాలో ఈ పరిమాణం బండికి మామూలు కారు లైసెన్సు సరిపోతుంది. అయితే ఎత్తయిన బండి కాబట్టి పామ్ స్ప్రింగ్స్‌కు ముందు, గాలిమరలు బారులు తీరి ఉండే కనుమలో అడ్డగాలి పెట్టెను తోసినట్టు తోస్తుంది. అక్కడ వేగం తగ్గించి, రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకుని నడపాలి. బండి అప్పగించిన అద్దె సంస్థ మనిషి ఇరవై నిమిషాల్లో అన్నీ చూపించి వెళ్లిపోయాడు. ఆ ఇరవై నిమిషాలూ వీడియో తీసుకొమ్మని నా భార్య చెప్పకపోయి ఉంటే మొదటి రాత్రే చిక్కుల్లో పడేవాళ్లం. మంచినీళ్లకు ఒక ట్యాంకు, వంటింటి సింకు నుంచి, స్నానాల నుంచి వచ్చే నీళ్లకు ఒక గ్రే ట్యాంకు, మరుగుదొడ్డికి ఒక బ్లాక్ ట్యాంకు ఉంటాయి. ఇంజను బ్యాటరీ వేరు, ఇంటి బ్యాటరీ వేరు. ఈ ఐదింటి లెక్క తెలిస్తే ఆర్వీ తెలిసినట్టే.

మొదటి రెండు రాత్రులు జాషువా ట్రీ జాతీయ వనంలోని జంబో రాక్స్ క్యాంపుగ్రౌండులో గడిపాము. ఏనుగు వీపుల్లాంటి గుండ్రని రాతి గుట్టల నడుమ బండి నిలిపి బస చేసే స్థలాలు నూటికి పైగా ఉన్న ఈ చోటు, నేను ఇంతవరకు బస చేసిన క్యాంపుగ్రౌండులన్నిటిలోకీ అందమైనది. కానీ ఇక్కడ నీటి కుళాయి లేదు, కరెంటు లేదు, ఫోను సిగ్నలు లేదు. వనం లోపల పెట్రోలు గాని తిండి గాని దొరకదు. నీళ్లు నింపుకోవాలన్నా, ట్యాంకులు ఖాళీ చేసుకోవాలన్నా ఒక అంచునున్న బ్లాక్ రాక్‌కో, మరో అంచునున్న కాటన్‌వుడ్‌కో వెళ్లాలి. మా మంచినీళ్ల ట్యాంకు నలభై గ్యాలన్లది, అంటే నూటయాభై లీటర్లు. మనుషులం ఐదుగురం.

ఆ సంగతి విన్న క్షణం నుంచి నాన్నగారు నీళ్ల బాధ్యత తన చేతిలోకి తీసుకున్నారు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో వేరుశనగ పండించి బతికిన మనిషి ఆయన. అమ్మ తెచ్చుకున్న స్టీలు చెంబు ఒక లీటరు పడుతుందని సీసాతో కొలిచి చూసుకుని, ముఖానికి ఒక చెంబు, గిన్నెలకు పూటకు నాలుగు చెంబులు అని కేటాయించి, వాడినది వాడినట్టు చిన్న పుస్తకంలో గీతలు గీయసాగారు. రెండో రోజు సాయంత్రం గోడమీద మీటరు మూడింట రెండు వంతుల నీళ్లు ఉన్నట్టు చూపిస్తుండగా ఆయన పుస్తకం చూసుకుని, "మీ మీటరు ఏమన్నా చెప్పనీ నాయనా, నా లెక్కన నలభై చెంబులకు మించి లేవు" అన్నారు. మరునాడు పొద్దున నా భార్య బియ్యం కడుగుతుండగా పంపు గరగరమని గాలి కక్కింది. మీటరు మొదటి నుంచీ ఒకేచోట నిలిచిపోయి ఉందని అప్పుడు అర్థమైంది. ఆయన మాట విని నేను ముందురోజు సాయంత్రమే రెండు పెద్ద క్యాన్ల తాగునీరు పక్కన పెట్టించినందువల్ల కాఫీకి, వంటకు లోటు రాలేదు.

రెండో ఇబ్బంది చలి. ఈ చోటు నాలుగు వేల అడుగులకు పైన ఉంది, ఫిబ్రవరిలో రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చల్లబడుతుంది. హీటరు మండేది ప్రొపేను గ్యాసుతోనే అయినా వేడిగాలిని తోసే ఫ్యాను మాత్రం ఇంటి బ్యాటరీ మీద నడుస్తుంది. మాకిచ్చిన బ్యాటరీ పాతది కావడంతో తెల్లవారుజామున నాలుగింటికి ఫ్యాను ఆగిపోయింది. జనరేటరు వేసుకోవడానికి రోజులో మూడు విడతలుగా కొన్ని గంటలే అనుమతి, రాత్రివేళ అసలు వేయకూడదు. అమ్మకు నా రజాయి కూడా కప్పి, పొద్దు పొడిచేదాకా మేలుకొని కూర్చున్నాను. కరెంటు లేని చోట ఉండదలచుకుంటే బయలుదేరే ముందే బ్యాటరీ వయసు అడిగి, మార్చి ఇమ్మని గట్టిగా పట్టుబట్టండి. పెద్దవారు వెంట ఉన్నప్పుడు ఇందులో మొహమాటం తగదు.

ఇంత చెప్పినా జాషువా ట్రీని వదులుకోమని అనను. హిడెన్ వ్యాలీలో మైలు పొడవు చుట్టుదారి ఉంది, నాలుగు వైపులా రాతి గోడలు. నాన్నగారు చేతికర్రతో గంటన్నరలో హాయిగా తిరిగి వచ్చారు. నేనూ మా అబ్బాయీ మాత్రం 5,458 అడుగుల ర్యాన్ మౌంటెన్ ఎక్కాము. రానూపోనూ మూడు మైళ్లే గాని దాదాపు వెయ్యి అడుగుల ఎక్కుడు, నీడ ఎక్కడా ఉండదు. జాషువా చెట్టును చూసి అమ్మ, "ఇది మన చేలగట్ల మీది కిత్తనారకు చుట్టంలా ఉందే" అంది. నిజానికి అవి రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. చోయా కాక్టస్ తోటలో మా అబ్బాయి బూటుకు ఒక ముళ్ల తునక అంటుకుంది. చేత్తో లాగబోతే వేళ్లకు పట్టుకుంటుంది. అమ్మ తన దువ్వెనను తునకకూ బూటుకూ మధ్య దూర్చి ఒక్క విసురుతో ఎగరగొట్టింది. చోయా వదిలించడానికి దువ్వెనను మించిన సాధనం లేదని అక్కడ అందరూ చెప్పే మాటే.

అరిజోనాలో అడుగుపెట్టాక క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర పెట్రోలు కోసం ఆగాము. చలికాలంలో వేలాది ఆర్వీలు వచ్చి ప్రభుత్వ ఎడారి భూముల్లో నెలల తరబడి మకాం వేసే ఊరు ఇది. ఖర్చు తక్కువే, కానీ కుళాయిలు, కరెంటు ఉండని మైదానాలు గనుక పెద్దవారితో రాత్రి బసకు నేను సిఫారసు చేయను. పంతొమ్మిదో శతాబ్దిలో అమెరికా సైన్యం ఒంటెలతో చేసిన ప్రయోగానికి సాక్ష్యంగా, 1902లో మరణించిన హాజీ అలీ అనే ఒంటెల కాపరి సమాధి ఇక్కడి శ్మశానంలో ఉంది. చిన్న రాతి పిరమిడు, దాని కొసన లోహపు ఒంటె బొమ్మ. అరగంట ఆగడానికి తగిన చోటు.

చెల్లెలు ఉండే కాలనీలో ఆర్వీని రాత్రి నిలపనివ్వరు. అమెరికాలో చాలా కాలనీల నియమం ఇదే, ముందుగా కనుక్కోకుండా చుట్టాలింటికి ఆర్వీలో వెళ్లకండి. అందుకని ఫీనిక్స్‌కు తూర్పున, సూపర్‌స్టిషన్ కొండల పాదాల దగ్గరున్న లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కులో మూడు రాత్రులకు ముందే స్థలం తీసుకున్నాము. ఇక్కడ స్థలంలోనే కరెంటు, నీటి కుళాయి ఉన్నాయి, వేడినీళ్ల స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి, ట్యాంకులు ఖాళీ చేసే చోటు లోపలే ఉంది. ఈ ప్రయాణంలో సౌకర్యానికీ అందానికీ సమంగా మార్కులు వేయగలిగిన చోటు ఇదొక్కటే. చలికాలంలో స్థలాలు నెలల ముందే నిండిపోతాయి, మాకు దొరికింది కూడా ఎవరో రద్దు చేసుకున్నందువల్లనే.

చెల్లెలింటి నుంచి ఇక్కడికి కారులో నలభై నిమిషాలు. రోజూ పొద్దున్నే వచ్చి మమ్మల్ని తీసుకువెళ్లి రాత్రి దింపేవారు. రెండో సాయంత్రం మాత్రం చెల్లెలు, మరిదిగారు, పిల్లలు అందరూ పార్కుకే వచ్చారు. మరిదిగారు చాండ్లర్‌లోని కంప్యూటర్ చిప్పుల కర్మాగారంలో షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చారు. అస్తమిస్తున్న సూర్యుడికి ఆ కొండల ముఖం మొదట రాగిలా, తరువాత దానిమ్మ గింజలా మారుతుంటే అమ్మ బండిలో పులిహోర కలిపి అందరికీ పేపరు పళ్లాల్లో పెట్టింది. ఆ దృశ్యం కోసమైనా మళ్లీ వెళ్తాను. మరునాడు అందరం కలిసి ట్రెజర్ లూప్ అనే రెండున్నర మైళ్ల దారిలో నడిచాము. నాన్నగారు సగం దూరంలో ఒక చెట్టు కింద ఆగి, ఆకు తుంచి చూసి, ముల్లు తాకి, "ఇది సర్కారు తుమ్మ" అన్నారు. అది మెస్కీట్, మన సర్కారు తుమ్మకు దగ్గరి జాతి. సర్కారు తుమ్మ పుట్టిల్లు కూడా అమెరికా ఖండమేనని చెబితే, మన చెరువులను మింగిన చెట్టు ఇక్కడ ఇంత బుద్ధిగా ఉందేమిటని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మారికోపాలోని మహా గణపతి ఆలయ దర్శనం చేసుకుని, చెల్లెలి దగ్గర సెలవు తీసుకుని టూసాన్ వెళ్లాము. అక్కడ సగువారో జాతీయ వనం లోపల ఆర్వీ బస లేదు. పక్కనే కౌంటీ నడిపే గిల్బర్ట్ రే క్యాంపుగ్రౌండులో కరెంటు ఉంది, నీళ్లు మాత్రం ఉమ్మడి కుళాయి దగ్గర నింపుకోవాలి. స్థలాల మధ్య దూరం ఎక్కువ, రాత్రి నిశ్శబ్దం. ఊళ్లోంచి గేట్స్ పాస్ మీదుగా వచ్చే దారి నిటారుగా, మలుపులతో ఉంటుంది గనుక పెద్ద బళ్లు దక్షిణపు దారిలోనే రావాలి. 1952లో మొదలైన అరిజోనా సోనోరా ఎడారి మ్యూజియం ఇక్కడికి పది నిమిషాలు. పేరు మ్యూజియమే గాని దాదాపు అంతా ఆరుబయట నడవవలసిన చోటు. ఉదయం తలుపులు తీయగానే వెళ్లి ఎండ ముదిరేలోపు తిరిగి రావడం మేలు. ప్రవేశ రుసుము ఎక్కువే అయినా నాకు దండగ అనిపించలేదు.

సగువారో అనే నిలువెత్తు కాక్టస్ చేతుల్లాంటి కొమ్మలు వేయడానికి యాభై నుంచి డెబ్బై ఐదేళ్లు పడుతుంది, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ. నిలువు గాడులతో ఉన్న దాని ఒళ్లు వాన పడగానే నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. "చీర కుచ్చెళ్లు పోసినట్టుంది" అని అమ్మ అనగానే నాకు అంతకంటే మంచి వర్ణన దొరకదనిపించింది. టూసాన్‌లో వాన మన అనంతపురంలో పడేదానికి సుమారు సగమే. అయినా అడవి నిలబడడానికి ఒక కారణం, ఆ కొద్దిపాటి వానా చలికాలంలో ఒకసారి, వేసవి చివర ఒకసారి రెండు విడతలుగా రావడమని తెలుసుకుని నాన్నగారు ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకున్నారు.

తిరుగు ప్రయాణం యూమా మీదుగా. చాండ్లర్‌లో సెలవు తీసుకున్నప్పుడే చెల్లెలు తన పెరటి నిమ్మకాయలు, కరివేపాకు కొమ్మలు ఇవ్వబోతే వద్దన్నాను. కాలిఫోర్నియా సరిహద్దులో వ్యవసాయ తనిఖీ ఉంటుంది. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది గనుక దాన్ని తీసుకుపోనివ్వరు. కారణం తెలిశాక అమ్మ కొమ్మలు వెనక్కి ఇచ్చేసి, పొడి చేసిన డబ్బా మాత్రం ఉంచుకుంది, తనిఖీలో దాన్నీ చూపించాము. మెక్సికో సరిహద్దుకు దగ్గరి రోడ్లలో పత్రాలు అడిగే చెక్‌పోస్టులు ఉండవచ్చు కాబట్టి, సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రుల పాస్‌పోర్టులు చేతికందేలా పెట్టుకోండి. యూమా దాటాక ఇసుక తిన్నెల మధ్య నుంచి కొలరాడో నది నీటిని మోసుకుపోయే ఆల్ అమెరికన్ కాలువ కనబడింది. 1930ల్లో తవ్విన ఆ కాలువ వెంట కొంతదూరం పోగానే ఇసుక ఆగిపోయి, సముద్రమట్టం కన్నా కింద ఉన్న ఇంపీరియల్ వ్యాలీలో పచ్చని పొలాలు మొదలయ్యాయి. నాన్నగారు ఆ దారి పొడవునా మాట్లాడలేదు.

చివరి రాత్రి ఆంజా బొరేగో ఎడారిలోని బొరేగో పామ్ క్యాన్యన్ క్యాంపుగ్రౌండు. ఇక్కడ నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షను మూడూ స్థలంలోనే ఉన్నాయి, స్థలాలు మాత్రం పక్కపక్కనే ఇరుకుగా ఉంటాయి. పొద్దున మూడు మైళ్ల లోయ దారిలో నడిచాము. చివర సహజంగా పెరిగిన తాటిజాతి చెట్ల గుంపు, దాని అడుగున సన్నని ఏరు. 2004లో వచ్చిన మెరుపు వరద పెకలించి తెచ్చిన మొద్దులు దారి పక్కన ఇంకా పడి ఉన్నాయి. చివరి పావు మైలు రాళ్ల మీద అడుగులు వేయాలి కాబట్టి నాన్నగారిని నేనూ మా అబ్బాయీ చెరో వైపు పట్టుకుని నడిపించాము. ఆయన ఏటి ఒడ్డున కూర్చుని చెప్పులు విప్పి, పాదాలు నీళ్లలో పెట్టి, దోసిలితో తీసుకుని ముఖం కడుక్కున్నారు.

మొత్తం సుమారు 1,100 మైళ్లు తిరిగాము, బండి గ్యాలనుకు తొమ్మిది మైళ్లే ఇచ్చింది. అద్దె, మైళ్ల రుసుము, పెట్రోలు, స్థలాల ఖర్చు కలిపితే కారు, హోటళ్ల ఖర్చు కంటే ఎక్కువే అయింది, ఆదా కోసం ఎవరూ ఈ పద్ధతి ఎంచుకోకూడదు. తరువాతిసారి మాత్రం జాషువా ట్రీలో ఒక్క రాత్రే ఉండి, మిగిలినవన్నీ కరెంటున్న చోట్ల తీసుకుంటాము. పనిచేయని మీటరు గురించి, బ్యాటరీ గురించి అద్దె సంస్థకు రాతపూర్వకంగా చెప్పాము, ఒక రాత్రి అద్దె వెనక్కి ఇచ్చారు. నాన్నగారి పుస్తకంలో జంబో రాక్స్ పేజీ కింద గీతలన్నీ కూడి ఒక అంకె వేసి ఉంది: రెండు రాత్రులకు, ఐదుగురికి, నూటనలభై ఆరు చెంబులు.