తిప్పితే పాడే రేడియో, మా నాయన కోసం కొన్నా

మా శెనక్కాయ చేను కాడ కరెంటు ఎప్పుడుంటాదో తెలీదు, అందుకే చేత్తో తిప్పితే ఛార్జ్ అయ్యే రేడియో తెప్పిచ్చినా. అసలు ఈ తిప్పుడు రేడియో పుట్టిందే ఆఫ్రికా కోసం, 1991లో అక్కడి ఎయిడ్స్ గురించి టీవీలో చూసి, కరెంటు లేని పల్లెలకి సమాచారం ఎట్ల పోవాల అని ట్రెవర్ బేలిస్ అనే ఇంగ్లండాయన తయారు చేసినాడు, తర్వాత కేప్‌టౌన్‌లో ఫ్యాక్టరీ కూడా పెట్టినారు. ఇప్పుడు ఆ పక్క చిన్న రైతులు పంటల ప్రోగ్రాం విని, అందులో అడిగే ప్రశ్నకి మిస్డ్ కాల్ ఇచ్చి ఓటేస్తారంట, మనకీ పెడితే బాగుండు.

సెట్టుకొస్తే, అనంతపురం ఎఫ్ఎం క్లియర్. కడప ఆకాశవాణి (900 కిలోహెర్ట్జ్, మీడియం వేవ్) కూడా వస్తాది గానీ బోరు మోటర్ ఆన్ చేస్తే గర్రుమని ఒకటే గోల. రెండు నెల్లకే హ్యాండిల్ లూజైపోయింది, కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తరు, మా నాయన సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి బిగిచ్చినాడు, అదే నడుస్తాంది. 3 స్టార్లు, అందులో ఒకటి ట్యూబుకి.