ఏడీ603తో పదకొండేళ్లు

హైదరాబాద్‌లో అల్ట్రాసోనిక్ టెస్టింగ్ యంత్రాలు చేసే ఒక చిన్న యూనిట్‌లో నా ఉద్యోగం. ఉక్కు దిమ్మెలో పగులుందా, వెల్డింగ్‌లో బుడగ మిగిలిందా అని లోపలికి శబ్దం పంపి చూసే పెట్టెలు మావి. వాటి రిసీవర్‌లో పదకొండేళ్లుగా ఒకటే చిప్పు వాడుతున్నాను, అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీ603. గెయిన్‌ని, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నదాన్ని, వోల్టేజీతో మార్చుకోగల యాంప్లిఫయర్ ఇది. కొత్తగా చేరే పిల్లలు "గెయిన్ కంట్రోల్‌కి ఏం పెట్టాలి సార్?" అని అడిగినప్పుడల్లా చెప్పిందే చెప్పలేక ఇది రాస్తున్నాను.

ముందు మా అవసరమేంటో చెప్పాలి. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. 100 మిల్లీమీటర్ల లోతు నుంచి ఎకో తిరిగి రావడానికి 34 మైక్రోసెకన్లు. పైపైన ఉన్న లోపం గట్టిగా పలుకుతుంది, లోతున ఉన్నది గొణుగుతుంది. రెండూ తెర మీద పోల్చుకునేలా కనిపించాలంటే ఆ 34 మైక్రోసెకన్లలోనే గెయిన్ పెరుగుతూ పోవాలి. చేత్తో నాబ్ తిప్పి చేసే పని కాదు. పైగా శబ్దం పంపి ఎకో అందుకునే ప్రోబ్ 5 మెగాహెర్ట్జ్‌ది. గెయిన్ ఎంత మారినా ఎకో ఆకారం చెడకూడదు.

నేను చేరేనాటికి అక్కడ ఆప్-ఆంప్ (మామూలు యాంప్లిఫయర్ చిప్పు), దాని గెయిన్ నిర్ణయించే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు, వాటిని మార్చే రోటరీ స్విచ్ ఉండేవి. 100 మెగాహెర్ట్జ్ గెయిన్-బ్యాండ్‌విడ్త్ (గెయిన్‌ని, అది లాగే ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చేది) ఉన్న ఆప్-ఆంప్‌ని పది రెట్ల దగ్గర పెడితే 10 మెగాహెర్ట్జ్ దాకా లాగుతుంది. వంద రెట్లకు మార్చామా, ఒక్క మెగాహెర్ట్జ్ మిగులుతుంది. అంటే బలహీనమైన ఎకోని పెంచి చూద్దామనుకున్న సమయానికే అది మొద్దుబారిపోయేది. సిగ్నల్ దారిలో 10 కిలో ఓంల పాట్ (తిప్పి మార్చే రెసిస్టర్) పెట్టి చూశాం. మధ్యలో ఉంచితే దాని సోర్స్ రెసిస్టెన్స్ 2.5 కిలో ఓంలు. వైరింగ్‌లో 10 పీకోఫారడ్లు ఉన్నా చాలు, 6 మెగాహెర్ట్జ్ దాటేసరికి సిగ్నల్ జారిపోవడం మొదలు. తర్వాత జేఫెట్ అనే ట్రాన్సిస్టర్‌ని వేరియబుల్ రెసిస్టర్‌లా వాడాం. ఏ రెండు ఫెట్లూ ఒకేలా ఉండవు కాబట్టి ఏ వోల్టేజీకి ఎంత గెయిన్ అని యంత్రానికొక టేబుల్ రాసుకున్నాం. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది, చూస్తే నవ్వొస్తుంది.

ఏడీ603 ఈ గొడవని తిరగేసి చూసింది. యాంప్లిఫయర్ గెయిన్‌ని అసలు ముట్టుకోదు, దాని ముందు సిగ్నల్‌ని తగ్గిస్తుంది. లోపల ఆర్-2ఆర్ నిచ్చెన, అంటే మెట్టుమెట్టుకీ సిగ్నల్‌ని సగం చేసే రెసిస్టర్ల వరస ఒకటి ఉంది. ఏడు మెట్లు, మెట్టుకు 6.02 డెసిబెల్స్, మొత్తం 42.14. కంట్రోల్ వోల్టేజీని బట్టి ఆ మెట్ల మధ్య నున్నగా జారుతూ సిగ్నల్ అందుకుంటుంది. వెనకాల ఉన్న యాంప్లిఫయర్ గెయిన్ ఎప్పుడూ ఒకటే కాబట్టి బ్యాండ్‌విడ్త్ కూడా కదలదు. −11 నుంచి +31 డెసిబెల్స్ వరకు 90 మెగాహెర్ట్జ్. ఎక్స్-ఆంప్ అనే ఈ పద్ధతి బారీ గిల్బర్ట్ అనే డిజైనర్‌ది. గిల్బర్ట్ సెల్ అని కాలేజీలో చదువుకుంటాం కదా, ఆయనే.

నాకు అన్నిటికన్నా నచ్చింది కంట్రోల్ స్కేల్. 25 మిల్లీవోల్టులకు 1 డెసిబెల్, ఈ చివర నుంచి ఆ చివర దాకా అంతే. తిన్నని ర్యాంప్ వోల్టేజీ (ఒకే వేగంతో పెరుగుతూ పోయేది) ఇస్తే డెసిబెల్స్ కూడా తిన్నగా పెరుగుతాయి. ఉక్కులో శబ్దం క్షీణించే తీరు డెసిబెల్స్‌లో దాదాపు తిన్నటి గీతే కాబట్టి మాకు ఇది కుట్టించుకున్న చొక్కాలా కుదిరింది. జేఫెట్ టేబుళ్లు ఆ రోజే మూసేశాను.

అలాగని అంతా సుఖమే అనను. మొదటి దెబ్బ ఇన్‌పుట్ దగ్గర తగిలింది. దీని ఇన్‌పుట్ 100 ఓంలే. ప్రోబ్‌ని వందల వోల్టుల పల్స్‌తో కొడతాం, ఇది చూస్తే రెండు వోల్టులు దాటితే ఓర్చుకోదు. రక్షణకి డయోడ్లు, వాటి ముందు 100 ఓంల రెసిస్టర్ పెట్టాను. సగం సిగ్నల్ అక్కడే పోయింది, సరిగ్గా 6 డెసిబెల్స్. ఈ చిప్పు సొంత రొద (నాయిస్) రూట్ హెర్ట్జ్‌కి 1.3 నానోవోల్టులు, అంటే 100 ఓంల రెసిస్టర్ ఊరికే కూర్చుని చేసేంత. అంత నిశ్శబ్దమైన చిప్పు కొని, దాని ముందు మళ్లీ అంతే రొద పెట్టే రెసిస్టర్ నేనే తగిలించాను. చివరికి చిప్పు ముందు ఒక ప్రీఆంప్ (సిగ్నల్‌ని ముందే కొంత పెంచే యాంప్లిఫయర్) పెట్టక తప్పలేదు.

ఇంకోటి. గెయిన్ తక్కువలో ఉన్నప్పుడు సిగ్నల్‌ని ముందు నలిపేసి తర్వాత పెంచుతుంది, యాంప్లిఫయర్ రొద మాత్రం తగ్గదు. గెయిన్ −10 డెసిబెల్స్ దగ్గర ఉంటే సిగ్నల్ వందో వంతుకు పడిపోయాక ఆ రొద కలుస్తుంది. పెద్ద ఎకో పక్కనే నక్కిన చిన్న ఎకోని పట్టాలంటే ఇది ఇబ్బందే. పద్ధతిలోనే ఉన్న లోటు, సర్క్యూట్‌లో ఎంత తెలివి చూపినా పోదు.

అసలు కథ రెండో మోడల్‌లో జరిగింది. ర్యాంప్‌ని డాక్‌తో, అంటే అంకెల్ని వోల్టేజీగా మార్చే చిప్పుతో ఇద్దామనుకున్నాం. రెండు మైక్రోసెకన్లకో మెట్టు, మెట్టుకు 25 మిల్లీవోల్టులు. మా కుర్రాడు యంత్రాన్ని సరిచూసుకునే కాలిబ్రేషన్ దిమ్మె మీద ప్రోబ్ పెట్టి కంగారుగా పిలిచాడు.

"సార్, ఇందులో వరసగా పగుళ్లున్నాయి సార్!"

వెళ్లి చూశాను. నిజమే, దాదాపు ఆరు మిల్లీమీటర్లకొకటి, దువ్వెన పళ్లలా. కాలిబ్రేషన్ దిమ్మెలో పగుళ్లేంటి?

"ప్రోబ్ తియ్యి తమ్ముడూ."

తీశాడు. పగుళ్లు అక్కడే ఉన్నాయి.

రెండు మైక్రోసెకన్లలో శబ్దం ఉక్కులోకి పోయి రావడానికి 5.9 మిల్లీమీటర్ల లోతు సరిపోతుంది. డాక్ మెట్టు మారినప్పుడల్లా వచ్చే చిన్న కుదుపు కంట్రోల్ పిన్ గుండా సిగ్నల్‌లోకి దూరుతోంది. ఆ పిన్ ముందు 1 కిలో ఓం, 1 నానోఫారడ్ పెట్టి మెట్లని నున్న చేశాక పగుళ్లు మాయం. ర్యాంప్ ఒక మైక్రోసెకను వెనకబడింది, దాన్ని అంత ముందే మొదలుపెట్టాం. కంట్రోల్ పిన్‌ని మామూలు డీసీ పిన్ అనుకుంటే ఇలాగే అవుతుంది. అది కూడా సిగ్నల్ దారే. దాని మీద 5 మిల్లీవోల్టుల సప్లై రిపుల్ (కరెంటు సరఫరాలోని చిన్న ఊగిసలాట) ఉన్నా గెయిన్ 0.2 డెసిబెల్ ఊగుతుంది.

ఎక్కువ గెయిన్ కోసం రెండు చిప్పులు వరసగా పెట్టేవాళ్లు జాగ్రత్త. నేను మొదటిసారి జీరో పీసీబీ (గ్రౌండ్ పొర లేని, రంధ్రాల ప్రయోగ బోర్డు) మీద అతికించి ఆన్ చేశాను. ఇన్‌పుట్ ఏమీ లేకుండానే స్కోప్ నిండా సైన్ వేవ్. చెయ్యి దగ్గరికి తెస్తే ఆకారం మారిపోతోంది. తప్పు నాదే. అడుగంతా గ్రౌండ్ ఉన్న డబుల్ సైడ్ బోర్డు, సప్లై పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారడ్, రెండు చిప్పుల సప్లైల మధ్య ఫెరైట్ బీడ్, ఇవన్నీ చేశాక నోరు మూసుకుంది. 5 మెగాహెర్ట్జ్ పనికి 90 అక్కర్లేదు కాబట్టి ఇప్పుడు వెనకాల ఒక ఫిల్టర్ కూడా పెడుతున్నాను.

కొనేటప్పుడు కూడా చూసుకోవాలి. ఒకసారి చవగ్గా దొరికాయని ఒక షాపులో ఇరవై తెచ్చాం. 25 మిల్లీవోల్టులు పెంచితే గెయిన్ ఒక్కోదానిలో ఒక్కోలా మారుతోంది, కొన్నిట్లో అసలు కదలట్లేదు. అనుమానమొచ్చి దూదికి అసిటోన్ అద్ది పైన రుద్దితే పేరు ఊడి దూదికే అంటుకుంది. కింద ఇంకేదో పాత నంబరు గీకేసిన గుర్తు. అప్పట్నుంచి బ్యాచ్‌కి రెండు తీసి, కంట్రోల్ పిన్నులు రెండూ ఒకే వోల్టేజీకి కలిపి, గెయిన్ 10 డెసిబెల్స్ వస్తోందా అని చూస్తాను. 5, 7 పిన్నులు షార్ట్ చేసిన కనెక్షన్‌లో అక్కడ రావాల్సింది అదే. రెండు నిమిషాల పని.

వచ్చే నెల మల్టీ-ఛానల్ మోడల్ మొదలవుతుంది, పదహారు ఛానళ్లు. ఒక్కో చిప్పు 12.5 మిల్లీఆంపులు తాగుతుంది, ±5 వోల్టుల మీద పదహారింటికి రెండు వాట్లు. బ్యాటరీ పెట్టెలో అది భారమే, అక్కడ ఎనిమిది ఛానళ్లు ఒకే చిప్పులో ఉన్నవి చూస్తున్నాను. ఒక్క ఛానల్ పెట్టెలకి మాత్రం మళ్లీ ఇదే ఆర్డర్ పెట్టాను, ఈసారి ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర.