చలిలో చేతికొచ్చిన చిన్న మైక్రోస్కోపు

కెనడా ఉత్తరాన మస్క్ ఆక్స్ అనే దట్టమైన బొచ్చున్న పశువుల ఊపిరితిత్తుల పురుగులపై క్షేత్రపరిశోధనకు కొన్న ఈ బ్యాటరీ స్టీరియో (రెండు కళ్లతో చూసే) మైక్రోస్కోపును రెండు సీజన్లు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. మా పురుగు పేరు ఉమింగ్‌మక్‌స్ట్రాంజిలస్ పల్లికూకెన్సిస్. పలకడమే ఒక వ్యాయామం. 1995లో శాస్త్రీయంగా వర్ణించిన ఈ జీవి పిల్లపురుగులు పేడతో బయటపడి, నత్తజాతి స్లగ్‌లలో ఎదిగి, వాటిని మేతతో పాటు మింగిన పశువులోకి చేరతాయి. వాతావరణం వేడెక్కడంతో స్లగ్‌లో ఆ ఎదుగుదల రెండేళ్ల నుంచి ఒక్క ఏడాదికి కుదించుకుపోయిందని 2005 నాటి పరిశోధన చూపింది కాబట్టి, పేడలో పిల్లపురుగులను లెక్కించే పని మాకు నిత్యకృత్యం.

పేడను పలుచని గుడ్డలో మూటగట్టి, గోరువెచ్చని నీటి గరాటులో రాత్రంతా వేలాడదీస్తే పురుగులు కిందికి జారి కాడలో చేరతాయి. ఆ నీటిబొట్టును నలభై రెట్ల వృద్ధిలో చూసినప్పుడు, అర మిల్లీమీటరు కూడా లేని పిల్లపురుగు తోక వంపు, వీపుమీది ముల్లు స్పష్టంగా కనిపించాయి. ఈ ధరకు అంత స్పష్టత నేను ఆశించలేదు.

అయితే గడ్డకట్టే చలిలో ఫోకస్ మర బిగుసుకుపోతుంది, బ్యాటరీ గంటలోపే చతికిలబడుతుంది. గుడారంలో స్టవ్ పక్కన పెట్టుకుని పని కానిచ్చాను. పెట్టె మూత గొళ్లెం మాత్రం మొదటి వారంలోనే విరిగింది.